పేటలో కాపురం పెట్టవచ్చా?

పల్నాడు మీద తొలి ఫిర్యాదు శ్రీనాథుడిదే. రాళ్లూ జొన్నన్నమూ తప్ప ఈ సీమలో ఏముందని, రసికత ఉన్నవాడెవడూ ఇటు రాడని ఆయన పేరు మీద చాటువులు ఇప్పటికీ చెలామణీలో ఉన్నాయి. కొండవీటి రెడ్డిరాజుల కొలువులో విద్యాధికారిగా వెలిగినవాడు, సన్నన్నానికి అలవాటుపడ్డ నాలుక, అంతమాట అనడంలో వింత లేదు. వింతల్లా ఏమిటంటే, పల్నాటి వీరచరిత్రను ద్విపదలో చెప్పినవాడిగా మనం తలుచుకునేది కూడా ఆ శ్రీనాథుణ్నే. అంతటితో అయిపోలేదు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు పుట్టినప్పుడు కొండవీడు కోట ఉన్న యడ్లపాడు మండలం పల్నాడు జిల్లాలోకే వచ్చి చేరింది. ఆయన వెక్కిరించిన సీమకు, ఆయన కొలువు చేసిన కోటను కూడా రాసిచ్చేశారన్నమాట.

ఆరువందల ఏళ్ల తర్వాత అదే ప్రశ్న ఇప్పుడు పాతికేళ్ల కుర్రవాళ్ల నోట వినిపిస్తోంది. జిల్లా కేంద్రమయ్యాక నరసరావుపేటకు కలెక్టరేటు వచ్చింది, ఎస్పీ ఆఫీసు వచ్చింది. అంతకుముందే, 2016లో, కాకినాడ జేఎన్‌టీయూ వాళ్ల ఇంజినీరింగు కాలేజీ మొదలైంది. ప్రైవేటు ఇంజినీరింగు కాలేజీలు, బ్యాంకులు, ఆస్పత్రులు సరేసరి. శ్రీకాకుళం నుంచో కర్నూలు నుంచో మొదటి పోస్టింగు మీద వచ్చే పిల్లలు ఆర్డరు చేతికందగానే అడిగేది ఒకటే, “అక్కడేముంది?” అని.

షాపింగు మాల్సు కావలసినవాళ్లకు జవాబు తేలిక. గుంటూరు నలభై అయిదు కిలోమీటర్లు, బస్సులకు కొదవ లేదు. ఈ కథనం వాళ్ల కోసం కాదు. నాటకమో, పాటో, బొమ్మో, కథో, ఏదో ఒక పిచ్చి ఉండి, కొత్త ఊళ్లో అది చచ్చిపోతుందేమోనని బెంగపడేవాళ్ల కోసం.

ముందు ఊరి సంగతి. అట్లూరు అనే పల్లె మల్రాజు వంశపు జమీందారు నరసారావు పేరు మీద నరసరావుపేట అయింది. చుట్టుపక్కల వాళ్లకు ఉత్త ‘పేట’. చిలకలూరిపేట వాళ్లూ తమ ఊరిని అంతే అంటారు కాబట్టి, ఏ పేట అన్నది సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. 1915లో మునిసిపాలిటీ అయింది. 2011 జనాభా లెక్కల్లో లక్షా పదిహేడు వేల పైచిలుకు. మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి రాజకీయం నడిచిన ఊరు, 1950లో పెట్టిన ఎస్‌.ఎస్‌. అండ్‌ ఎన్‌. కాలేజీ ఉన్న ఊరు. వ్యాపారం, చదువు, ఆస్పత్రులు, రాజకీయం, ఈ నాలుగింటి మీద పేట నడుస్తుంది. కళలు ఆ జాబితాలో లేవు. అసలు గురజాల, మాచర్ల పాతకాపులను కదిపితే పేటను పల్నాడు కింద లెక్కవేయడానికే ఒప్పుకోరు. వాళ్ల దృష్టిలో పల్నాడంటే నాగులేరు, చంద్రవంక పారే నేల. రైల్వేవాళ్లదీ అదే మతంలా ఉంది. గుంటూరు నుంచి వికారాబాదు వెళ్లే పల్నాడు ఎక్స్‌ప్రెస్ సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి మీదుగా పోతుంది. పల్నాడు జిల్లా కేంద్రం మొహం కూడా చూడదు.

కాబట్టి కొత్తగా వచ్చిన కళాభిమాని మొదటి నెలలో నిరాశపడటం ఖాయం. సాయంత్రం ఆరింటికి బయల్దేరి ఊరంతా తిరిగినా కోచింగు సెంటర్ల బోర్డులు, మందుల షాపులు, మిరపకాయ బజ్జీల బండ్లు, సినిమా హాళ్లు. భువనచంద్ర టౌన్‌హాల్లో ఏదో ఒక సభ జరుగుతూనే ఉంటుంది గానీ, అది సన్మానమో సంస్మరణమో లోపలికెళ్లేదాకా తెలియదు. ఇక్కడి కళకు రోజువారీ దుకాణం లేదు. దానికి పంచాంగం ఉంది. ఏ తిథికి ఏ ఊరు పోవాలో తెలిసినవాడికే పల్నాడు తలుపు తీస్తుంది.

ఆ పంచాంగంలో మొదటి పేజీ కార్తీక అమావాస్య, ఊరు కారంపూడి. పన్నెండో శతాబ్దంలో నలగామరాజు, మలిదేవరాజుల దాయాదుల తగవు పల్నాటి యుద్ధమై ముగిసిన చోటు. నాగులేటి ఒడ్డున వీర్లగుడి ఉంది. అక్కడ ఏటా అయిదు రోజులు ఉత్సవాలు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. రోజుకో ఘట్టం. ఆ యుద్ధవీరులను కొలిచే వీరాచారం పాటించే కుటుంబాలు ఎక్కడెక్కడి జిల్లాల నుంచో తమ ఇలవేల్పులైన ఆయుధాలను మోసుకొస్తాయి. వాటిని కొణతాలంటారు. పసుపు పూసి, కుంకుమ పెట్టి, గుడ్డ చుట్టి, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు భుజాన వేసుకుని వస్తారు. నాగులేట్లో వాటికి స్నానం చేయించి వీర్లగుడికి తెస్తారు. మందపోరు నాడు చాపకూడు. మలిదేవుడి పక్షాన నిలిచిన మంత్రి బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడన్న కథకు గుర్తుగా, వచ్చినవాళ్లందరికీ బంతి భోజనం. మీ పక్కన కూర్చున్నదెవరో మీకు తెలియదు, అడగకూడదు కూడా. ఏడాదిలో మిగతా రోజులు ఈ జిల్లా ఆ నియమం ఎంతవరకు పాటిస్తుందన్న ప్రశ్న వేరే ఉంది, దానికి తర్వాత వద్దాం.

పంబ మోగుతుండగా ఆవేశం వచ్చిన ఆచారవంతుల మధ్య మొదటిసారి నిలబడినవాడికి ఇది నాటకమా, పూజా, తద్దినమా అన్నది అంతుపట్టదు. మూడూను. ఇక్కడ ప్రేక్షకుల కుర్చీలు ఉండవు, టిక్కెట్టు ఉండదు, ‘ఇప్పుడు మీ ముందుకు’ అనే వ్యాఖ్యాత ఉండడు. ఫోనెత్తి రీలు తీసుకునేవాళ్లు బోలెడుమంది ఉంటారు. వాళ్లకు దక్కేది రీలే. పల్నాటి వీరుల కథను పాడే వీరవిద్యావంతులు తరతరాలుగా దళిత కుటుంబాలవాళ్లు. కథ పూర్తిగా పాడితే రాత్రుళ్లకు రాత్రుళ్లు పడుతుంది. అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చువేయించిన శ్రీనాథుడి ద్విపద ఒక పుస్తకమైతే, వీళ్ల గొంతులో ఉన్నది ఇంకో పెద్ద పుస్తకం.

ఆ గొంతు కోసం అమెరికా నుంచి ఒకాయన వచ్చాడు. పేరు జీన్ రోగేర్. 1970లలో ఇక్కడికి వచ్చి, అలిశెట్టి గాలెయ్య అనే వీరవిద్యావంతుడు పాడగా కథ మొత్తం రికార్డు చేసుకుని, ఇంగ్లీషులోకి తెచ్చి, 1982లో ఆక్స్‌ఫర్డు వాళ్ల చేత పుస్తకంగా వేయించాడు. పల్నాడుకు కొత్తగా వచ్చేవాళ్లకు నేను చూపించే మనిషి ఈయనే. అప్పటికి కారంపూడిలో కాఫీ షాపు లేదు, లిటరరీ ఫెస్టివల్ లేదు. ఉన్నదల్లా పాడేవాడు, వినడానికి ఓపికున్నవాడు. మన విశ్వవిద్యాలయాల్లో తంగిరాల వెంకట సుబ్బారావు లాంటివాళ్లు ఈ కథాచక్రం మీద చేసిన పరిశోధన కూడా తక్కువదేం కాదు. షేక్ నాజర్ పల్నాటి యుద్ధాన్ని బుర్రకథగా చెప్పి ఊళ్లకు ఊళ్లను కూర్చోబెట్టాడు. అయినా ఇవాళ పేటలో ఉద్యోగం చేసే కుర్రవాళ్లలో ఎంతమంది కారంపూడి వెళ్లి ఒక్క రాత్రి కథ విని ఉంటారు? వేళ్ల మీద లెక్కపెట్టవచ్చనే నా అనుమానం.

రెండో పేజీ శివరాత్రి. దీనికి ఎక్కడికో పోనక్కర్లేదు, కోటప్పకొండ పేటకు కూతవేటు దూరం. త్రికోటేశ్వరుడి తిరునాళ్లకు చుట్టుపక్కల ఊళ్లు కట్టే ప్రభలు చూడాలంటే ఆ రోజు కాదు, నెల ముందు వెళ్లాలి. ఊరి మధ్య ఖాళీ జాగాలో దుంగలు, వెదుళ్లు, మోకులు గుట్టపోసి ఉంటాయి. ఎనభై తొంభై అడుగుల ఎత్తు లేచే చట్రం. కింద బండి, పైన బల్బుల వరసలు, వెనకాల జనరేటరు. లెక్క ఏ కాగితం మీదా ఉండదు, పెద్దమేస్త్రీ కళ్లలో ఉంటుంది. ఎక్కడ ముడి వేయాలి, ఏ మోకు ఎంత బిగించాలి అన్నది ఆయన కింద నిలబడి కేక వేస్తే పైన కుర్రాళ్లు చేస్తారు. కదిలేటప్పుడు నాలుగు వైపులా మోకులు పట్టుకుని జనం నడుస్తారు. రోడ్డుకు అడ్డొచ్చే కరెంటు తీగలు విద్యుత్తు శాఖవాళ్లు ముందే విప్పేస్తారు. ఒక బొమ్మ ఊరేగడం కోసం ఊరి కరెంటే తప్పుకునే చోటు ఇంకెక్కడుందో నాకు తెలియదు. మీరు ఇంజినీరింగు కాలేజీలో స్ట్రక్చర్సు చెప్పే కుర్ర లెక్చరరైతే, ఈ మేస్త్రీల దగ్గర నెల రోజులు సాయంత్రాలు గడపమని నా సలహా.

ప్రభల ముందు వేదికల మీద రాత్రంతా సాగే కార్యక్రమాల గురించి మాత్రం పెద్దగా ఆశలు పెట్టుకోవద్దు. కోలాటాలూ ఉంటాయి, రికార్డింగ్ డ్యాన్సులూ ఉంటాయి. రెండోవాటికే జనం ఎక్కువ.

నాటకం సంగతి వేరు. పరిషత్తు నాటికలంటే తెలియనివాళ్లకు ఒక్కమాట. గంటసేపు నడిచే సాంఘిక నాటిక, రాత్రికి రెండో మూడో, ముందు వరసలో న్యాయనిర్ణేతలు, చివరి రోజు బహుమతులు. హైదరాబాదు, విశాఖ, గుంటూరు, తెనాలి సమాజాలు సెట్టింగు వ్యానులో వేసుకుని ఊరూరా తిరుగుతాయి. ఈ జిల్లాకు ఆ పోటీలు కొత్త కాదు. చిలకలూరిపేటలో సి.ఆర్. క్లబ్బు పోటీలు పెడుతుంది. పట్నం సంగతి సరే, యడ్లపాడు మండలంలో లింగారావుపాలెం అనే పల్లెటూరు కొండవీటి కళాపరిషత్తు పేరుతో రాష్ట్రంలోని సమాజాలన్నిటినీ తన గుమ్మంలోకి రప్పించుకుంటోంది. పంట చేతికొచ్చాక మంచం తెచ్చుకుని కూర్చుని నాటిక చూసే రైతుకు, ఏ పాత్రధారి డైలాగు మింగేశాడో, ఎక్కడ లైటు ఆలస్యమైందో క్షుణ్ణంగా తెలుసు. ఇలాంటి ప్రేక్షకుడు హైదరాబాదు ఆడిటోరియంలో దొరకడు. తిరునాళ్లలో ఇంకా పద్యనాటకాలు ఆడుతూనే ఉన్నారు. హరిశ్చంద్ర కాటిసీనులో వన్స్‌మోర్ కొట్టించుకునే పద్యాలు వినుకొండలో పుట్టిన గుర్రం జాషువావని తెలిసి వింటే ఆ రాత్రికి ఇంకో రుచి వస్తుంది.

నటించే సరదా ఉన్న కొత్త ఉద్యోగికి సమాజాల తలుపులు తెరిచే ఉంటాయి. ఆఫీసు అయ్యాక రిహార్సలు, స్కూలు గదిలోనో ఎవరి డాబా మీదో. కుర్ర నటుల కొరత ఎక్కడ చూసినా ఉంది, స్త్రీ పాత్రలకైతే మరీనూ. ఉన్న కొద్దిమంది నటీమణులే నాలుగు సమాజాలకు తిరిగి ఆడుతుంటారు. కానీ ఒక మాట ముందే చెప్పాలి. దీంతో బతుకుదామని రావద్దు. బహుమతి సొమ్ము వ్యాను కిరాయికీ మేకప్పుకూ సరిపోతే అదృష్టం.

ఇక రాయి. మాచర్ల దగ్గర దుర్గి శిల్పులు చెక్కే విగ్రహాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. చెన్నకేశవుడి గుడి మాచర్లలో. అక్కడి నుంచి సాగర్ వెళితే అనుపు. నాగార్జునకొండ లోయ మునిగిపోయేలోపు, 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవాటిలో కొన్నిటిని పేర్చి నిలబెట్టిన చోటు. ఇక్ష్వాకుల కాలపు రంగస్థలం అక్కడ ఉంది. చుట్టూ మెట్ల వరసలు, నడుమ దీర్ఘచతురస్రపు జాగా. పదిహేడు వందల ఏళ్ల కిందట ఈ సీమలో ప్రేక్షకులకు ఆసనాలు కట్టించారు, ఇవాళ మన జిల్లా కేంద్రంలో నాటకానికి సరిపడా ధ్వని, దీపాలు ఉన్న హాలు ఒక్కటి లేదు. ఇటు కృష్ణ ఒడ్డున అమరావతి ఊరు, స్తూపం కూడా ఈ జిల్లాలోవే. సత్యం శంకరమంచి అమరావతి కథలు చదివి ఆ రేవులో కూర్చోవాలనుకునేవాడికి అది ఒక్క ఆదివారం పని.

ఇంత ఉండి ఎందుకు ఇది కళల ఊరు అనిపించుకోలేదు? నా లెక్కలో కారణం ఒకటే. ఇక్కడ ఉత్సవం ఉంది, సంస్థ లేదు. కర్ణాటకలో శివమొగ్గ జిల్లా సాగర దగ్గర హెగ్గోడు అనే పల్లె ఉంది. పేటలో ఒక వార్డుకు సరిపోదు. 1949లో అక్కడ నీనాసం అని నాటక సంఘం పెట్టారు. కె.వి. సుబ్బణ్ణ పుణ్యమా అని 1980లో అది నాటక శిక్షణాలయమైంది. 1985 నుంచి తిరుగాట పేరుతో ఊరూరా నాటకాలు ఆడుతున్నారు. కన్నడ కుర్రవాళ్లు పల్లెటూరికి వలస వెళ్లి నాటకం నేర్చుకుంటారు. హెగ్గోడుకు పల్నాడంత కథ లేదు, ప్రభ లేదు, స్తూపం లేదు. ఏడాదంతా తెరిచి ఉండే తలుపు ఒకటి ఉంది. మనకు ఆ తలుపు లేకపోబట్టే ఇక్కడ పుట్టినవాళ్లు బయటికి నడిచారు. జాషువా రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ చదివి వినిపించే ఉద్యోగం చేశాడు. సత్తెనపల్లి దగ్గర చాగంటివారిపాలెంలో పుట్టిన బ్రహ్మానందం అత్తిలిలో తెలుగు పాఠాలు చెప్పి అక్కడి నుంచి మద్రాసు వెళ్లాడు. పల్నాడు కళాకారులను కన్నది గానీ పోషించలేదు. కొత్తగా వచ్చేవాళ్లు దీన్ని మనసులో పెట్టుకోవాలి.

ఇప్పుడు ఇల్లు వెతుక్కునే ఘట్టం. గుంటూరుతో పోలిస్తే అద్దె తక్కువే. ఇంటావిడ అడిగే ప్రశ్నలు మాత్రం ఎక్కువ.

“ఏ ఊరు బాబూ మీది?”

“విజయనగరమండీ.”

“ఉద్యోగమా? పెళ్లయిందా?”

“ఇంకా లేదు పిన్నిగారూ.”

“అట్టాగా. మీరేమిట్లు?”

ఆ చివరి ప్రశ్నకు జవాబు నచ్చకపోతే, మర్నాటికల్లా ఆ వాటా వాళ్ల తమ్ముడి కొడుక్కి కావలసి వస్తుంది. చాపకూడు కథ పుట్టిన జిల్లాలో ఇంకా ఇదీ వరస. ఒంటరిగా ఉండే ఆడపిల్లకు ఇంకాస్త ఎక్కువ పరీక్ష. హాస్టలు దొరుకుతుంది, కానీ రాత్రి పదకొండింటికి నాటిక అయ్యాక తిరిగొస్తే వార్డెనుకు సంజాయిషీ చెప్పుకోవాలి. జట్టుగా వెళ్లి జట్టుగా రావడం ఒక్కటే ప్రస్తుతానికి ఉన్న ఉపాయం. అది ఆమె లోపం కాదు, ఊరిది.

రాజకీయం గురించి సినిమాలు చూసి భయపడేవాళ్లున్నారు. భయం పూర్తిగా కల్పితం కాదు. 2024 మే ఎన్నికల్లో మాచర్ల, నరసరావుపేట వైపు జరిగిన గొడవలకు జిల్లా అంతా 144 సెక్షను పెట్టాల్సి వచ్చింది. అయితే ఆ కక్షలకు వాటి లెక్కలు వాటికున్నాయి. జీతానికొచ్చిన పొరుగు జిల్లా కుర్రాడు అందులో ఎవరికీ పట్టడు, తానై వెళ్లి తలదూరిస్తే తప్ప. మీరు ఏ పార్టీ అని ఎవరూ సూటిగా అడగరు. ఏ పేపరు వేయించుకుంటున్నారో చూసి వాళ్లే లెక్క కట్టుకుంటారు.

ఎండ మాట చెప్పకపోతే మోసం చేసినట్టే. వేసవి వార్తల్లో రోజూ వినిపించే రెంటచింతల ఈ జిల్లాదే. చైత్రంలో మాచర్ల చెన్నకేశవుడి తిరునాళ్లు అయ్యాక కళలూ గిళలూ ఏమీ గుర్తుండవు, చల్లని మంచినీళ్లు ఒక్కటే గుర్తుంటాయి.

నా తీర్పు ఇది. కళతోనే అన్నం తినాలనుకునేవాళ్లు పేటకు రావద్దు, హైదరాబాదే నయం. రోజూ సాయంత్రం ఎవరో ఒకరు ప్రదర్శన పెడితే చూసి వెళ్లిపోదామనుకునేవాళ్లకూ ఇది పనికిరాదు. నెలజీతం, ఒక మోటారుసైకిలు, వినే ఓపిక ఉన్నవాళ్లు మాత్రం వదులుకోకూడని పోస్టింగు. ఇక్కడ కావలసింది ప్రేక్షకులు కాదు, మనుషులు. గాలెయ్య తరం తర్వాత ఆ కథను రికార్డు చేసేవాళ్లు కావాలి, ప్రభల కొలతలు కాగితం మీద పెట్టేవాళ్లు కావాలి, నాటికలో వేషం కట్టేవాళ్లు కావాలి, టౌన్‌హాల్లో నెలకో సాయంత్రం సన్మానం లేని సభ పెట్టేవాళ్లు కావాలి. హెగ్గోడులోనూ ఆ పని మొదలుపెట్టింది ఊళ్లో నలుగురే.

దసరా వెళ్లాక అద్దెకు దిగండి. కార్తీక అమావాస్యకు కారంపూడి, శివరాత్రికి కోటప్పకొండ, మధ్యలో ఏ పరిషత్తు దొరికితే అది చూడండి. ఉగాది దాటేసరికి ఊళ్లో ఎవరైనా మిమ్మల్ని పేరు పెట్టి పిలిచి “రేపు రిహార్సలుకు వస్తున్నావా?” అని అడిగితే ఉండిపోండి. అడగకపోతే దరఖాస్తు పెట్టుకోండి, బదిలీలు ఎలాగూ ఎండాకాలంలోనే చేస్తారు.